తోడు

పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవు.
ఊరగాయ జాడీ మూత నా చేతి మాట వినదు.
కీల్పాక్ డాక్టరమ్మ ఒక కాగితం మీద
మా వంటింటిని దాదాపు మొత్తం రాసి
అడ్డంగా గీత కొట్టింది.
బియ్యం, గోధుమ, పప్పులన్నీ,
పాలు, పంచదార, బెల్లం కూడా.
ముప్పై రోజులు.
తర్వాత ఒక్కొక్కర్నే పిలిచి విచారిద్దాం అంది,
అనుమానితుల్ని స్టేషన్ బల్ల మీద కూచోబెట్టినట్టు.

"ఏ దేవుడికే ఈ ఉపవాసం?" అంది అత్త.
కణుపులకి, అన్నాను.
"మరి నెయ్యి తినొచ్చంటివే?"
తినొచ్చట.
"పాలు దొంగ, దాని మునిమనవడు మాత్రం పెద్దమనిషా!"
ఆ ప్రశ్నకి కాగితంలో జవాబు లేదు.

అయనావరంలో మా వంటిల్లు
ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. పొయ్యికి రెండే కళ్ళు.
ఒకదాని మీద వాళ్ళ సాంబారు,
ఒకదాని మీద నా గెనుసుగడ్డలు.
ఆవాలు చిటపటమన్నాక
మినప్పప్పు పడేలోపు
నా వాటా తాలింపు పక్కకి లాక్కోవాలి.
ఇంగువ డబ్బా వెనక చిన్నక్షరాలు చదివాను:
గోధుమపిండి.
పదకొండేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉండి
ఒక్కసారైనా చెప్పలేదు.

అసలు చిక్కు ఉప్పు చూడ్డంలో వచ్చింది.
సాంబారు బొట్టు నా నాలిక్కి తగలకూడదు.
మొదటి వారం కంటి అంచనాతో వేశాను.
మోహనరంగం మాట్లాడకుండా తిని
రెండు చెంబుల నీళ్ళు తాగాడు.
అప్పట్నించీ తొమ్మిదేళ్ళ లోహిత
స్కూలు బూటు ఒకటి కాలికి, ఒకటి చంకలో,
పొయ్యి దగ్గరికొచ్చి అరచెయ్యి చాపుతుంది.
గరిటె చివర బొట్టు ఊది వేస్తాను.
కళ్ళు మూసుకుంటుంది.
"ఇంకొంచెం. సగం స్పూన్‌లో సగం."
ఆ మాటని నమ్మి ఇల్లంతా అన్నం తింటోంది.

పదకొండో రోజు రాత్రి
అందరూ పడుకున్నాక ఫ్రిజ్ తెరిచి నిలబడ్డాను.
చల్లగాలి కోసమని నాకు నేనే చెప్పుకున్నాను.
నిజం చెప్పాలంటే
మిగిలిన పెరుగన్నం మీద మూత తీసి
వాసన చూశాను.
వాసన గురించి కాగితంలో ఏమీ లేదు.

ఆడి మాసం వచ్చింది.
వీధి చివర అమ్మన్ గుడిలో కూళు పోస్తుంటే
ఎదురింటి సెల్వి చెంబు నిండా తెచ్చింది.
వద్దంటే అమ్మవారికి కోపం, తాగితే డాక్టరమ్మకి.
అత్త నా చేతిలోంచి చెంబు లాక్కుని
గడగడా తాగేసి, కొంగుతో మూతి తుడుచుకుని,
"దీని పేరు చెప్పే తాగాన్లే, తల్లికి తెలుసు" అంది.

ముప్పై ఒకటో రోజు పప్పు.
ఉత్త పప్పు, చెంచాతో.
నేనేదో పాట ఎత్తుకోబోతున్నట్టు
ముగ్గురూ నా నోటివైపే చూశారు.
ఏమీ కాలేదు. మర్నాడూ కాలేదు.
పప్పు నిర్దోషి అని
లోహిత క్యాలెండర్లో రాసి టిక్కు పెట్టింది.
నాలుగు రోజులకి బియ్యం. అదీ విడుదలైంది.

తర్వాత పెరుగు.
ఆవిన్ నీలం ప్యాకెట్టు పాలే,
కానీ అత్త చెయ్యి పడితే గడ్డలా తోడుకునే పెరుగు.
పెళ్ళైన కొత్తలో పొన్నేరి నించి
బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న బొట్టుతో మొదలై
ఇవాళ్టి గిన్నె నించి రేపటి గిన్నెకి
తెగకుండా నడిచొస్తున్న పెరుగు.
కంచం అంచు దాకా నాకేశాను.

పొద్దున వేళ్ళు ముడుచుకోలేదు.

ఎవరికీ చెప్పలేదు.
కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని అందించడం
అత్త చూసింది.
క్యాలెండర్ వైపు చూడలేదు, నా మొహం వైపూ చూడలేదు.
ఆ రాత్రి పాలు కాచి,
చిటికెన వేలు ముంచి వేడి చూసి,
పెద్ద గిన్నె కడిగి బోర్లించి
చిన్న గిన్నెలో తోడు వేసింది.